గూటిపురుగు ఉభయ రూపాలతో హాజరు కావలెను

నాకు మెమో వచ్చింది. ముప్ఫైనాలుగేళ్ల సర్వీసులో నేను ఇచ్చిన మెమోలు చాలానే ఉన్నాయి గానీ, నాకు రావడం ఇదే మొదలు. రిజిస్ట్రార్ గారి గది సరిగ్గా నా గది పైన. ఆ కాగితం ఒక్క అంతస్తు మెట్లు దిగడానికి తొమ్మిది నెలలు పట్టింది. దాన్ని నేను తప్పు పట్టను. పద్ధతి ప్రకారం పుట్టిన కాగితం పద్ధతి ప్రకారమే నడుస్తుంది.

అందులో ఇలా ఉంది. "వంతాల సుభాషిణి అను పరిశోధక విద్యార్థిని ఫైలును ఆరు సంవత్సరములు తమ టేబుల్ మీదనే ఉంచుకున్నట్లు తామే స్వహస్తములతో సంతకం చేసి ఒప్పుకొని యున్నందున, అందుకు గల కారణములను ఏడు రోజులలోగా స్వయముగా సమర్పించవలెను."

నా పేరు పొట్నూరు తవిటినాయుడు. మా యూనివర్సిటీ పరిశోధన విభాగంలో సూపరింటెండెంట్‌ని. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాను. ఆ పిల్లను నేను ఉసురు పెట్టానని క్యాంటీన్‌లో అనుకుంటున్నారట. అనుకునేవాళ్లకేం, నోటికి సెలవు ఉండదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే వినండి. పురుగు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. కాదు, పురుగు కంటే ముందు నియమం పుట్టింది.

ఏడేళ్ల కిందట మా దగ్గర తమ్ముడి పరీక్ష అన్న రాశాడు. హాల్ టికెట్ మీది ఫోటోలో గడ్డం లేదు, హాల్లో కూర్చున్నవాడికి ఉంది. అడిగితే "పరీక్షల బెంగతో పెరిగిపోయిందండి" అన్నాడు. ఇన్విజిలేటరు జాలిపడ్డాడు. తర్వాత ఎవరో ఉత్తరం రాస్తే, అన్నదమ్ములిద్దర్నీ పిలిపించి పక్కపక్కన నిలబెట్టారు. బండారం బయటపడింది, పేపర్లలోనూ పడింది. పరువు పోయినప్పుడల్లా మా యూనివర్సిటీ ఒక సంఘం వేస్తుంది. ఈసారి వేసింది రూపనిర్ధారణ సంఘం. అధ్యక్షులు ఆచార్య చక్రధరరావు గారు, వాణిజ్యశాస్త్రం. సభ్యులు మా న్యాయ సలహాదారు విశ్వేశ్వరం గారు. కాగితాలు చూసే కన్వీనర్ని నేను.

చక్రధరరావు గారు నియమం చెప్పారు, నేను రాశాను. "విశ్వవిద్యాలయ రికార్డులలో ఒక రూపమున నమోదై, పిమ్మట వేరొక రూపమున నమోదు కానున్న వ్యక్తి, ఉభయ రూపాలతోనూ ఏకకాలమున సంఘం ఎదుట హాజరై, రెండూ ఒకటేనని రుజువు చేసుకొనవలెను."

విశ్వేశ్వరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వ్యక్తి అంటే సందులుంటాయండీ. రేపు ఎవడో ఒకడు కోర్టుకెళ్లి, నేను ఇంకా వ్యక్తిని కాలేదంటాడు."

"అయితే ప్రాణి అందామా సార్?" అన్నాను నేను.

చక్రధరరావు గారు బల్ల చరిచారు. "శభాష్ నాయుడూ! ప్రాణి అంటే ఇక ఎవడూ తప్పించుకోలేడు." ముప్ఫైనాలుగేళ్లలో నేను సొంతంగా రాసిన మాట అదొక్కటే. మిగతావన్నీ పైవాళ్లు చెప్పినవో, పాత ఫైళ్లలోంచి దించినవో.

నియమం వచ్చిన ఏడాదే స్టాఫ్ అందరికీ కొత్త గుర్తింపు కార్డులు ఇచ్చారు. ఆ ఏడాదే సుభాషిణి నా గదికి వచ్చింది.

నా టేబుల్ ముందు కుర్చీ ఉండదని ముందే చెప్పాలి. అది నా పద్ధతి. కుర్చీ ఉంటే మనిషి కూర్చుంటాడు, కూర్చుంటే కబుర్లు మొదలెడతాడు. నిలబడ్డవాడు విషయం చెప్పి వెళ్లిపోతాడు. ఇంకొక పద్ధతి కూడా ఉంది. ఎవరు వచ్చినా తేదీ, పేరు, పని, నేను ఇచ్చిన జవాబు ఒక పొడుగు పుస్తకంలో రాసుకుంటాను. ఆఫీసులో నాలా శుభ్రంగా పుస్తకం రాసేవాడు ఇంకొకడు లేడు.

రెండు జడలు, బూరెల్లాంటి బుగ్గలు, చేతిలో నీళ్ల సీసా. పాడేరు పైన ఏదో కొండ ఊరట. సీసా నా టేబుల్ మీద పెట్టింది. ఫైళ్ల పక్కన నీళ్లేమిటని తీయించాను.

"ఏటమ్మా అది?"

"గూటిపురుగు సార్. మా ఊరి గెడ్డలో, అదే కొండవాగులో, రాళ్లకింద ఉంటాది. చూడండి, నోట్లోంచి పట్టుదారం తీసి, ఇసకరేణువులు ఒక్కొక్కటీ అతికించుకుని గొట్టంలాగ కట్టుకుంటాది. ఆ గొట్టంలోనే బతుకుతాది. తలా కాళ్లూ బయటపెట్టుకుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతాది. చిన్నప్పుడు మేం ఖాళీ గొట్టాలేరి, దారానికి గుచ్చి మెళ్లో వేసుకునేవాళ్లం."

"మంచిదే. మరి మాకేటి?"

ఆమె చెప్పిన దాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆ పురుగు కొన్నాళ్లకు గొట్టం మూతి మూసుకుని లోపల నిద్రపోతుంది. ఆ అవస్థను ప్యూపా అంటారు. మూడు వారాలకు అందులోంచి రెక్కలతో ఒక గోధుమరంగు పురుగు లేచి, దీపాల చుట్టూ తిరిగి, పది పన్నెండు రోజుల్లో పోతుంది. ఆ రెక్కలదాన్ని అరవై ఏళ్ల కిందట ఎవరో దీపం దగ్గర పట్టి పేరు పెట్టారట. దాని పిల్లరూపం ఎలా ఉంటుందో మాత్రం ఇంతవరకు ఎవరూ రాయలేదట. గెడ్డలో పాతిక రకాల పురుగులుంటే, ఏది దేని పిల్లో ఎవరికీ తెలియదు. పురుగునీ ప్యూపానీ వర్ణించి, అవి ఫలానా రెక్కలదానివేనని చూపించడమే ఆమె థీసిస్.

"అంటే ఈ పురుగే ఆ రెక్కలది అవుతాదంటావు."

"అవును సార్."

"ఒక రూపంలో నమోదై, ఇంకో రూపంలో నమోదు కానుంది."

"అవును సార్!" ఆమె ముఖం వెలిగిపోయింది. తన పని అర్థం చేసుకున్న మనిషి ఆఫీసులో దొరికాడనుకుంది పాపం.

నేను సొరుగులోంచి రూపనిర్ధారణ ఫారం తీసి ఇచ్చాను. అది లేనిదే థీసిస్ తీసుకోరు. పరిశోధనకు గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఆరో ఏడు మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదింటికల్లా థీసిస్ లోపల పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ సంగతి కూడా నేనే చెప్పాను. ఆమె నవ్వింది. "ఆరేళ్లు ఎందుకు సార్, మూడేళ్లలో అయిపోతాది" అంది. పుస్తకంలో రాసుకున్నాను: ఫారం ఇవ్వబడినది.

వారంలో నింపి తెచ్చింది. పూర్వరూపం: పురుగు. ప్రస్తుతరూపం: రెక్కల పురుగు. తండ్రి పేరు అన్న చోట గీత గీసింది. ఒంటి మీద గుర్తింపు మచ్చలు రెండు రాయమంటే, తల మీద పసుపు మచ్చలు ఆరు అని, వాటి కొలతలతో సహా అదనపు కాగితం జతచేసి రాసింది. ఫోటోలు పాస్‌పోర్టు సైజులో నాలుగు తెచ్చింది. నేను అభ్యంతరం రాశాను. ఫోటోలో రెండు చెవులూ కనబడాలి.

"దీనికి చెవులుండవు సార్."

"అలా అని నువ్వంటే సరిపోదమ్మా. చెవులు లేవని ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ తేవాలి."

పెద్దాసుపత్రి చెవి డాక్టరు పురుగును చూడనన్నాడు. పశువుల డాక్టరు పశువు కాదన్నాడు. చివరికి పశువుల డాక్టరే ఆమె నాలుగోసారి వెళ్లినప్పుడు విసిగిపోయి, "పరీక్షించితిని. చెవులు లేవు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నది" అని రాసిచ్చాడు. దానికి ఎనిమిది నెలలు. ఈలోగా సీసాలోని పురుగు రెక్కలొచ్చి పోయింది.

రెండో ఏడు సంఘం మొదటిసారి కూర్చుంది. సుభాషిణి గాజు గొట్టంలో రెక్కల పురుగును తెచ్చింది. వేలి గోరంత ఉంది. చక్రధరరావు గారు దాన్ని కిటికీ వైపు ఎత్తి చూశారు.

"ప్రస్తుతరూపం హాజరు. పూర్వరూపం ఏదీ?"

"అదే ఇది సార్."

"అది ఇదేనని మీరంటున్నారు. ఆ మాటే కదా రుజువు చేయమంటున్నాం. ఉభయ రూపాలూ ఏకకాలమున హాజరు కావాలని నియమం స్పష్టంగా ఉంది."

"సార్, పురుగు మారితేనే కదా ఇది వచ్చింది. ఇది ఉందంటే అది లేదు." కాస్త ఆగి మళ్లీ అంది. "రెండూ ఒకేసారి వచ్చి పక్కపక్కన నిలబడ్డాయనుకోండి, అప్పుడు అవి రెండూ వేరువేరనే కదా తేలేది?"

చక్రధరరావు గారు విశ్వేశ్వరం గారి వైపు చూశారు. విశ్వేశ్వరం గారు నా వైపు చూశారు. నేను మినిట్స్ రాస్తున్నాను.

"అది అవి వచ్చాక తేలుస్తాం" అన్నారు చక్రధరరావు గారు. "ముందు రానివ్వండి."

"అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అన్నారు పెద్దలు" అన్నారు విశ్వేశ్వరం గారు. "రెక్కలొచ్చాక అది ఎవరి బిడ్డో ఎవరు చెప్పగలరు? చట్టం కూడా అంతే."

సమావేశం వాయిదా పడింది. గాజు గొట్టంలోది ఆ మూడో రోజే పోయింది. తర్వాతి సమావేశానికి మళ్లీ గెడ్డకు వెళ్లి కొత్త పురుగులు తేవాలి. వానాకాలం దాటితే గానీ అవి దొరకవు.

మూడో ఏడు సంఘం కొంత మెత్తబడింది. రెండు రూపాలూ కలిసి రాలేకపోతే, పురుగు రెక్కలదిగా మారుతుండగా రెప్పవేయకుండా చూసిన సాక్షి చాలునంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, మా సంఘం వరాలకు ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. వరం వెంట షరతులు పెట్టింది, అంతే. ప్రయోగశాలలో గాజు తొట్టి పెట్టి, ఎదురుగా సెక్యూరిటీ గార్డును కూర్చోబెట్టారు. అతను గంటగంటకూ పుస్తకంలో రాశాడు. పురుగు ఉన్నది. పురుగు ఉన్నది. పురుగు తలుపు వేసుకున్నది. లోపల కదలిక లేదు. లోపల కదలిక లేదు. ఇరవై రెండు రోజులు ఇదే. తర్వాత ఒక పొద్దున, రెక్కలది బయట ఉన్నది.

విశ్వేశ్వరం గారు ఆ పుస్తకం చదివి పెదవి విరిచారు. "తలుపు వేసుకున్నాక లోపల ఏం జరిగిందో ఎవరు చూశారు? పరీక్ష హాల్లోంచి బాత్రూమ్‌కి వెళ్లినవాడు తిరిగొచ్చేటప్పటికి వాడే కాకపోవచ్చు. మనకు అనుభవమే కదా."

సంఘం ఉత్తర్వు వేసింది. "రూపమార్పు జరుగు కాలమున సదరు ప్రాణి గూటి తలుపు మూయరాదు." మూడు ప్రతులు తీశాను. ఒకటి ఫైలుకు, ఒకటి విద్యార్థినికి, ఒకటి తొట్టికి అంటించడానికి.

సుభాషిణి నా గదికొచ్చి ఉత్తర్వు చేత్తో పట్టుకుని నిలబడింది. "సార్, గూటికి కంత పెడితే చచ్చిపోతాది."

"ఉత్తర్వులో చావాలని లేదమ్మా. మూయకూడదని ఉంది."

కంత పెట్టింది. పన్నెండు గూళ్లకు పెట్టింది, సూదిమొనతో. పదకొండు పోయాయి. పన్నెండోది కంతకు లోపలి నుంచి రాత్రికి రాత్రే ఇసుక అతికించేసుకుంది. ఉత్తర్వును ధిక్కరించినట్టు గార్డు రాశాడు.

ఆ పన్నెండోదాన్ని చూశాకే ఆమె నాలుగు పేజీల ఉత్తరం ఒకటి తెచ్చి ఇచ్చింది. వేరే దారి ఉందనీ, సంఘం ఒక్కసారి మైక్రోస్కోపు దగ్గరకు వస్తే చాలుననీ. నేను దాన్ని ఫైల్లో పెట్టాను. ఫైలు టేబుల్ మీద పెట్టాను. ఆ ఏడాది మాకు తనిఖీ బృందం వచ్చింది, తర్వాత ఏడు స్నాతకోత్సవం. ఆమె వచ్చినప్పుడల్లా "రేపు రామ్మా" అన్నాను. అలాగే పుస్తకంలో రాసుకున్నాను.

అయిదో ఏడు విద్యార్థిని అభ్యర్థన మేరకు కాదు గానీ, నా చొరవ మీదే బహిరంగ ప్రకటన వేయించాను. "ఈ పురుగు, ఈ రెక్కల పురుగు ఒకటి కావని ఎవరికైనా అభ్యంతరములున్నచో ముప్పై రోజులలోగా తెలియజేయవలెను." ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది, స్టాఫ్ క్వార్టర్స్ నుంచి. వంటింటి లైటు దగ్గర ఇలాంటివి చాలా తిరుగుతున్నాయని, వీటన్నిటికీ డిగ్రీలు ఇస్తారా అని. దానిపై విచారణకు ఆర్నెల్లు.

ఈలోగా ఆమె గైడు రిటైరయ్యారు. హాస్టలు వార్డెన్లు ముగ్గురు మారారు. ప్రయోగశాల అటెండరు బదిలీ అయ్యాడు. పాడేరు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ పోస్టుకు ఆమె ఎంపికైంది, జూన్‌లోగా పట్టా చూపిస్తేనే. "మా ఊళ్లోంచి ఆ కాలేజీలో చెప్పడానికి ఎవరూ వెళ్లలేదు సార్ ఇంతవరకూ" అని ఒకసారి నా టేబుల్ ముందు నిలబడి అంది. నేను తలెత్తకుండానే విన్నాను. విన్నానని ఇప్పుడు చెబుతున్నాను.

ఆరో ఏడు మార్చి ఇరవై తొమ్మిదిన సంఘం చివరిసారి కూర్చుంది. సుభాషిణి ఒక్క గూడు తెచ్చింది. ఇసుకతో కట్టిన ఇంత గొట్టం. మైక్రోస్కోపు బల్ల మీద పెట్టి, సన్నటి కత్తెరతో గొట్టాన్ని నిలువునా విప్పి పక్కకు జరిగింది.

"చూడండి సార్. గూటి అడుగున ముడుచుకున్నది పురుగు విడిచిన చర్మం. తలచిప్ప మీద ఆరు పసుపు మచ్చలు లెక్కపెట్టుకోండి, ఫారంలో రాసినవే. దాని పైన ప్యూపా. ప్యూపా పొర పలచగా ఉంది కదా, లోపల రెక్కలు మడిచి పెట్టుకుని రెక్కలది తయారైపోయింది. రేపో ఎల్లుండో లేచీసేది. పురుగు, ప్యూపా, రెక్కలది, ముగ్గురూ హాజరు సార్. ఒకే గూట్లో, ఒకే టైముకి."

చక్రధరరావు గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. విశ్వేశ్వరం గారు చూశారు. నేను కూడా చూశాను. ఆ చర్మం మీద మచ్చలు ఆరూ ఆవగింజల్లా తేటగా కనబడ్డాయి. నియమంలో ఏ అక్షరానికీ లోటు రాలేదు.

"ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు చక్రధరరావు గారు.

"మూడో ఏడే రాసిచ్చాను సార్. ఈ దశలో ఒకటో రెండో రోజులే ఉంటాయి, ముందే వచ్చి చూడాలని కూడా రాశాను."

నేను ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను.

"సమగ్రముగా పరిశీలించిన మీదట," అని చక్రధరరావు గారు లేచి నిలబడి చెప్పారు, "సదరు ప్రాణి యొక్క పూర్వ, మధ్య, ప్రస్తుత రూపాలు ఒకటేనని ఈ సంఘం నిర్ధారిస్తున్నది. నాయుడూ, హాజరు వేయించు." ముగ్గురికీ హాజరు వేశాను. పురుగుకు ధ్రువపత్రం ఇచ్చాం, మూడు సంతకాలతో, రబ్బరు స్టాంపుతో. అందరం చప్పట్లు కొట్టాం. మా సంఘం వెలిశాక ఒక ప్రాణి నెగ్గడం అదే మొదలు.

సుభాషిణి థీసిస్ నా ముందు పెట్టింది. నేను అలవాటు ప్రకారం మొదటి పేజీ తిప్పి, అక్కడ అతికించిన కొత్త ఫోటోను ఫైల్లో ఆమె చేరినప్పటి ఫోటోతో సరిచూశాను. చూడకపోతే బాగుండేది. కానీ చూశాను, నా చెయ్యి ఊరుకోదు.

పాత ఫోటోలో రెండు జడలు, బూరె బుగ్గలు. ఎదురుగా ఉన్న మనిషికి బుగ్గలు లేవు. మైక్రోస్కోపులోకి చూసీ చూసీ కళ్లజోడు వచ్చింది. నాలుగో ఏడు టైఫాయిడ్‌తో జుట్టు రాలితే భుజాలకు కత్తిరించుకుంది. చెవి పక్కన తెల్ల వెంట్రుకలు. ముప్ఫై ఏళ్ల పిల్లకి.

విశ్వేశ్వరం గారు నా భుజం మీదుగా రెండు ఫోటోలూ చూశారు. ఆయనకు కళ్లు బాగా కనబడతాయి. "ఇది నియమం పరిధిలోకి వస్తుంది కదండీ. ఒక రూపమున నమోదై, వేరొక రూపమున..."

"వ్యక్తి అని రాసుంటే వాదించవచ్చు," అన్నారు చక్రధరరావు గారు దిగులుగా. "ప్రాణి అని రాశారు. అమ్మాయీ, చేరినప్పటి నీవూ, ఇప్పటి నీవూ ఏకకాలమున హాజరు కావాలి."

సుభాషిణి ముందు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపింది. "నా పాత చర్మం నేను దాచుకోలేదు సార్" అంది.

మార్చి ముప్ఫై ఒకటికి రెండు రోజులు. మూడో ఏడు ఇచ్చిన వరం అప్పుడు గుర్తొచ్చింది చక్రధరరావు గారికి. మారుతుండగా ఎడతెగకుండా చూసిన బాధ్యతగల ఉద్యోగి ఎవరైనా ఉంటే, లిఖితపూర్వకంగా సాక్ష్యం ఇవ్వవచ్చు. "ఈ ఆరేళ్లూ ఈ అమ్మాయిని వారం వారం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

గైడు లేరు. వార్డెన్లు లేరు. అటెండరు లేడు. సుభాషిణి నా వైపు చూసింది. అడగలేదు. చూసింది, అంతే.

నేను ఎందుకు లేచానో ఇన్నాళ్లూ ఆలోచిస్తున్నాను. నా పుస్తకం గొప్పతనం అందరికీ తెలియాలనే ఆశ కొంత ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాక ఇక కూర్చోలేకపోయాను. ఆ బుగ్గలు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. నా కళ్లముందే పోయాయి. నేను తలెత్తి చూడలేదంతే.

పొడుగు పుస్తకాలు ఆరూ తెప్పించాను. లెక్క తీస్తే రెండు వందల పద్దెనిమిది సార్లు. సాక్ష్యం రాశాను. "సదరు విద్యార్థినిని ఆరు సంవత్సరములుగా నా టేబుల్ ముందు నిలబడి ఉండగా చూస్తూనే ఉన్నాను. ఈమె ఆమెయే." కింద సంతకం. తేదీలన్నీ జతచేశాను.

"ఇంత బలమైన సాక్ష్యం నేను కోర్టులో కూడా చూడలేదు," అన్నారు విశ్వేశ్వరం గారు. "వేరే మనిషయితే మధ్యలోనే పోయేది."

థీసిస్ లోపల పడింది. మే నెలాఖరుకు పట్టా వచ్చింది. ఆ సాక్ష్యం కాగితం పైకి, రిజిస్ట్రార్ గారి దగ్గరకు వెళ్లింది. ఆయన నా పుస్తకాల శుభ్రతను మెచ్చుకోలేదు. రెండు వందల పద్దెనిమిది అనే అంకె కింద ఎర్ర గీత గీశారు. మిగతాది మీకు తెలుసు.

సంజాయిషీ నాలుగు పేజీలు రాశాను. తనిఖీ బృందం, స్నాతకోత్సవం, సిబ్బంది కొరత, అన్నీ వరసగా పెట్టాను. స్వయంగా ఇవ్వాలన్నారు కాబట్టి స్వయంగా పైకి ఎక్కాను. పేషీలో కొత్తగా చేరిన అమ్మాయి నా గుర్తింపు కార్డు అడిగింది. ఏడేళ్ల కిందటి కార్డు అది. రంగేసిన జుట్టు, పొదల్లాంటి మీసం. ఇప్పుడు నెత్తిన ఏమీ లేదు, మీసం తీయించేశాను, పళ్లు కట్టించుకున్నాను.

"సారీ సార్," అందా అమ్మాయి. నిజంగానే నొచ్చుకుంది. "ప్రాణి అని ఉంది కదండీ. సాక్ష్యం ఉండాలి."

కిందికి దిగి సహోద్యోగులను అడిగాను. ముప్ఫైనాలుగేళ్ల స్నేహాలు. అందరూ ఫైళ్లలోకి వంగిపోయారు. ఒక్కడు మాత్రం నిజం చెప్పాడు. "సాక్ష్యం సంతకం పెడితే ఏమవుతాదో నిన్ను చూశాక కూడా పెడతామేటి, నాయుడూ?" మా ఇంటావిడ సంతకం చెల్లదట, గెజిటెడ్ హోదా ఉండాలట. తాను తీసిన గోతిలో తానే పడడం అంటే ఏమిటో నాకు అప్పటికి పూర్తిగా తెలిసింది. నన్ను ఆరేళ్లూ చూసిన గెజిటెడ్ లెక్చరర్ ఒక్కరే మిగిలారు. మెమో వచ్చిన అయిదో రోజు పొద్దున్నే పాడేరు బస్సెక్కాను.

ఘాట్ రోడ్డు తిరిగి తిరిగి తల తిరిగింది. కాలేజీలో మేడం క్లాసులో ఉన్నారన్నారు. వరండాలో కుర్చీ లేదు. నిలబడ్డాను. నలభై నిమిషాలు. మోకాళ్లు పీకాయి. కిటికీలోంచి ఆమె గొంతు వినబడుతోంది. పిల్లలు గాజు తొట్టి చుట్టూ మూగి, పురుగు ఇసకరేణువు అతికించుకోవడం చూస్తున్నారు. ఎవరో పిల్ల "ఇది మా గెడ్డలోదే మేడం!" అని అరిచింది.

గంట కొట్టాక సుభాషిణి బయటకొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. బుగ్గలు కాస్త తిరిగొచ్చాయి.

"సార్! ఇక్కడేటి? ఎప్పుడొచ్చారు? అయ్యో, నిలబడిపోయారేటి!"

నేను నోరు తెరిచేలోగా వెనక్కి తిరిగి, క్లాసులోకెళ్లి, తన కుర్చీని తానే ఎత్తుకొచ్చి వరండాలో వేసింది.

"కూర్చోండి సార్. ముందు కూర్చోండి."

కూర్చున్నాను. కూర్చున్నాక ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. సిగ్గేసింది. ఇంతకంటే వేరే మాట నాకు రాదు. పేషీలో ఇచ్చిన సాక్ష్యం ఫారం చేతికిచ్చాను. ఆమె చివరిదాకా చదివి, గోడకు ఆనించి, పెన్ను తీసి నింపి, సంతకం పెట్టి, ఆఫీసులోకెళ్లి స్టాంపు వేయించి తెచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది. టీ తెప్పించింది. బస్సు ఎన్నింటికో కనుక్కుంది.

బస్సులో ఫారం తీసి చదివాను. "సదరు ప్రాణిని ఏ స్థితిలో చూసియున్నారు?" అన్న గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది. "ఆరేళ్లూ, ప్రతిసారీ, కుర్చీలో కూర్చుని ఉండగా చూశాను. ఈయన ఆయనే."

ఘాట్ దిగేలోపు నాలుగు పేజీల సంజాయిషీ చించేశాను. కొత్త కాగితం మీద ఒక్క ముక్క రాశాను. కారణం లేదు, ఆమె నిలబడి ఉంది, నేను కూర్చుని ఉన్నాను.

మర్నాడు పదిన్నరకు ఆ కాగితం, సాక్ష్యం పట్టుకుని పేషీకి వెళ్లాను. సార్ సీట్లో లేరు, రేపు రండి అన్నారు. అక్కడా కుర్చీ లేదు. నిలబడ్డాను.